ఏ వస్తువునకు ఏది చోటు?
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమున పుస్తకము పోవుటకు రెండు దారులు కలవు. తీసికొనిపోయినవారు తిరిగి తెచ్చి యీయకుండుట మొదటిది. తన అరలో గాక మరియొక అరలో పెట్టబడుట రెండవది. మొదటిదానికి రిజిస్టరు చూచి మనిషిని పంపవచ్చును. రెండవదానికి అట్టి ఉపాయము లేదు. పుస్తకము బీరువాలోనే యుండును. అయినను అడిగినవారికి అది లేనట్లే.

హనుమకొండలో 1904వ సంవత్సరమున రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి ఓరుగల్లు సీమకు గ్రంథాలయములు కొత్త కావు. పుస్తకము సంపాదించుట ఎంత ముఖ్యమో, సంపాదించినదానిని అడుగగానే దొరకునట్లు ఉంచుట అంత ముఖ్యమని గ్రంథాలయము నడిపిన ప్రతివారు ఎరుగుదురు. భారతదేశమున గ్రంథాలయ శాస్త్రమునకు మార్గదర్శియైన ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రములలో పాఠకుని కాలమును కాపాడుట ఒకటి. 1933లో ఆయన వెలువరించిన కోలన్ వర్గీకరణము ఏ పుస్తకమునకు ఏ చోటు తగునో తేల్చుటకు ఏర్పడినదే.

ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఈ కాలములోనే అనేక గ్రంథాలయముల పట్టికలు కాగితమునుండి కంప్యూటరులోనికి పోయినవి. చదువరుల చేతులలోనికి ఫోనులు వచ్చినవి. చోటును గూర్చిన పాత ప్రశ్న అచ్చటను ఎదురగుచున్నది.

కంప్యూటరులో వ్రాతయైనను, చిత్రమైనను, లెక్కయైనను ఫైలు అను రూపమున నుండును. ఫైళ్ళనుంచు చోటును డైరెక్టరీ యనియు, ఫోల్డరు అనియు అందురు. దానిని అర యనుకొనిన చాలును. ఒక అరలో మరియొక అర, దానిలో ఇంకొక అర ఉండవచ్చును. యజమాని తన చేతితో పెట్టు ఫైళ్ళు కొన్నియే. ప్రోగ్రాములు తమంత తాము వ్రాసికొను ఫైళ్ళు వేలకొలది. వానికి చోటు నిర్ణయించినవాడు ఆ ప్రోగ్రామును వ్రాసినవాడు. అతడు యజమానిని ఎన్నడును చూచియుండడు. అయినను యంత్రము చెడిననాడు ఏది దక్కును, ఏది పోవును అనునది అతని నిర్ణయము మీదనే చాలవరకు ఆధారపడియుండును. ఈ ప్రసంగమునకు విషయము ఆ నిర్ణయమే.

వడ్లు, బియ్యము

రైతు ఇంట గుమ్మిలో వడ్లుండును; వంటయింటి కుండలో బియ్యముండును. బియ్యము పురుగుపట్టినచో నష్టము కొంతయే. గుమ్మిలో వడ్లున్నంతవరకు మరల ఆడించుకొనవచ్చును. వడ్లే పోయినచో ఆ యేటి కష్టమంతయు పోయినట్లు. ఈ రెంటిని ఒకే కుండలో కలిపిపోయు ఇల్లాలు ఎచ్చటను ఉండదు.

ప్రోగ్రాములు వ్రాయు ఫైళ్ళయందును ఇట్టి భేదములు కలవు. మనిషి వ్రాసిన ఉత్తరము, గ్రంథాలయ పట్టిక, ఇంటి లెక్క మొదలగునవి డేటా, అవి వడ్లు. అక్షరము ఎంత పెద్దదిగా కనబడవలెను, ఏ భాషలో పలుకరించవలెను మొదలగు ఇష్టములు సెట్టింగులు. అవి ఇంటివారి పద్ధతి వంటివి. మరల మరల తెచ్చుకొను శ్రమ తప్పుటకు దగ్గర దాచుకొనునది క్యాషే. అది ఆడించి ఉంచుకొన్న బియ్యము. ఏనాడు ఏమి జరిగెనో వ్రాసికొను చిట్టా మరియొక రకము. ప్రోగ్రాము నడుచుచున్నంతసేపు మాత్రమే పనికివచ్చు గుర్తులు ఇంకొక రకము. అవి పొయ్యిలోని నిప్పు వంటివి, పని ముగియగానే ఆరిపోవలసినవి.

ఈ భేదము ప్రతివారి చేతిలోని ఫోనునందును కనబడును. ఆండ్రాయిడ్ ఫోనులకు అడుగున నున్నది లినక్స్. సెట్టింగులలో ఏదేని యాప్ పేరు నొక్కి, దాని నిల్వ భాగమును తెరచినచో రెండు మీటలుండును. ఒకటి క్యాషేను తుడుచును, రెండవది డేటాను తుడుచును. మొదటిది బియ్యపు కుండను కడుగుట. రెండవది గుమ్మిని ఊడ్చుట. ఫోనులో చోటు చాలక తొందరలో రెండవ మీట నొక్కినవారు, ఆ యాప్‌లో వ్రాసికొన్నది మరియొకచోట లేనియెడల, దానిని పోగొట్టుకొందురు. అసలు ఈ రెండు మీటలు వేరుగా పనిచేయుటకు కారణము, ఆ యాప్ వ్రాసినవాడు రెండు రకములను రెండు అరలలో పెట్టియుండుటయే. అతడు పొరబడి వడ్లను బియ్యపు కుండలో పోసినచో, చోటు చాలనప్పుడు ఫోను తనంత తానే ఆ కుండను ఖాళీ చేయగలదు. అప్పుడు యజమాని ఏ మీటయు నొక్కకున్నను నష్టము జరుగును.

పాత ఇంటి ఇరుకు

లినక్స్ యొక్క పద్ధతికి మూలము యూనిక్స్. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్సును ఆరంభించిరి. 1991లో ఫిన్లాండు దేశమున విద్యార్థిగానున్న లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును ఆరంభించెను. నేటి మాక్ కంప్యూటర్లును యూనిక్స్ వంశమునకు చెందినవే. ఈ వంశమున అరలన్నియు ఒకే మూలమునుండి చెట్టు కొమ్మలవలె చీలియుండును.

ఈ చెట్టు మొదట ఒక పథకము ప్రకారము పెరిగినది కాదు. తొలినాళ్ళలో యంత్రమునకు ముఖ్యమైన ఆజ్ఞలు ‘బిన్’ అను అరలో ఉండెడివి. వాడుకరుల సొంత అరలు ‘యూఎస్ఆర్’ అనుదానిలో, రెండవ డిస్కుపై ఉండెడివి. మొదటి డిస్కు నిండిపోగా, మిగిలిన ఆజ్ఞలను రెండవదానిపై పెట్టిరి. అట్లు రెండు ‘బిన్’ అరలు ఏర్పడెను. తరువాత వాడుకరులు ‘హోమ్’ అను అరకు తరలిపోయిరి. డిస్కులు ఎన్నో వేలరెట్లు పెద్దవయ్యెను. అయినను రెండు ‘బిన్’లు నిలిచియుండెను. 2012లో ఫెడోరా లినక్స్ వారు తమ 17వ కూర్పునందు వానిని ఒకటిగా కలిపిరి. డెబియన్ లినక్సునందు 2023 నాటి 12వ కూర్పుతో ఈ కలయిక తప్పనిసరి అయ్యెను. ఒకనాటి డిస్కు ఇరుకు నలుబదియేండ్లపాటు ఆచారమై నిలిచినది.

మరియొక ఆచారము పొరబాటున పుట్టినది. యూనిక్సునందు పేరునకు మొదట చుక్కయున్న ఫైలు సామాన్యముగా పట్టికలో కనబడదు. బెల్ ప్రయోగశాలలలో పనిచేసిన రాబ్ పైక్ దీని పుట్టుకను 2012లో వివరించెను. ప్రతి అరయందును, ఆ అరనే సూచించుటకు ఒక చుక్కయు, పై అరను సూచించుటకు రెండు చుక్కలును పేర్లుగా ఏర్పడెను. పట్టిక చూపునప్పుడు ఈ రెండును అడ్డు రాకుండుటకై, మొదటి అక్షరము చుక్కయైనచో విడిచిపెట్టుమని వ్రాసిరి. ఆ రెండు పేర్లను మాత్రమే విడువవలసినది. చుక్కతో మొదలగు పేర్లన్నియు మరుగుపడెను. ఇది చూచి ప్రోగ్రాములు వ్రాయువారు తమ ఫైళ్ళకు చుక్క పెట్టి యజమాని ఇంటి నడిమి గదిలోనే దాచసాగిరి. పైకి ఇల్లు శుభ్రముగా కనబడును. చాప ఎత్తిచూచినచో పదులకొలది మూటలుండును. ఏ మూటలో వడ్లున్నవో, ఏ మూటలో పొట్టున్నదో యజమానికి తెలియదు.

రెండు ప్రశ్నలు

లినక్సును మూటగట్టి పంచువారు 1990 తరువాత అనేకులైరి. ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున అరలు కట్టగా, ఒకచోట నడిచిన ప్రోగ్రాము మరియొకచోట తన ఫైళ్ళను కనుగొనలేకపోవు స్థితి యేర్పడెను. 1993లో కొందరు కలిసి ఆలోచించి, 1994 ఫిబ్రవరిలో మొదటి ప్రమాణమును ప్రకటించిరి. అదియే తరువాత ఫైల్‌సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్ అను పేరు పొందినది. దాని 3.0 కూర్పు 2015లో వెలువడినది.

ఆ ప్రమాణమంతయు రెండు ప్రశ్నలపై నిలిచియున్నది. ఈ ఫైలు నిత్యము మారునదా, మారనిదా? ఇది అనేక యంత్రములు పంచుకొనదగినదా, ఈ ఒక్క యంత్రమునకే చెందినదా? ఈ రెంటికి జవాబు చెప్పినచో చోటు దాదాపు తేలిపోవును.

ప్రోగ్రాము స్వయముగా మారదు, పంచుకొనదగినది; దానికి ‘యూఎస్ఆర్’. ఆ యంత్రమునకు చెందిన సెట్టింగులు ‘ఈటీసీ’లో ఉండవలెను. ప్రోగ్రాము నడుచుకొలది పెరుగునది ‘వార్’లో ఉండవలెను; అందును నిలువయుంచదగినది ‘లిబ్’ అను లోపలి అరయందు, చిట్టాలు ‘లాగ్’ నందు, మరల పుట్టించదగినది ‘క్యాష్’ నందు. యంత్రము నడుచుచున్నంతసేపే పనికివచ్చునది ‘రన్’లో ఉండును. తాత్కాలికముగా వాడి పారవేయునది ‘టీఎంపీ’లో ఉండును, యంత్రము ఆపి తెరచినపుడు అది నిలుచునని ఎవరును నమ్మియుండరాదు. యంత్రపాలకుడు తన చేతితో తెచ్చిపెట్టునది ‘యూఎస్ఆర్’లోని ‘లోకల్’ అను అరకు పోవలెను. మూటగట్టి పంపినవారు ఆ ‘లోకల్’ను ముట్టరు, యంత్రపాలకుడు తక్కిన ‘యూఎస్ఆర్’ను ముట్టడు. సరిహద్దు గట్టు తెలిసిన రైతుల నడుమ తగవు తక్కువగనే యుండును.

ఇల్లు యజమానిది, ప్రోగ్రాము అతిథి

పై ప్రమాణము యంత్రమునకంతటికి చెందినది. ఒక్కొక్క వాడుకరి సొంత ఇంటిని గూర్చి అది అంతగా చెప్పలేదు. ఆ లోటును ఫ్రీడెస్క్‌టాప్ అను సంస్థవారు 2003 నాటి బేస్ డైరెక్టరీ ప్రమాణముతో తీర్చిరి. యజమాని ఇంటిలో సెట్టింగులకు ‘చుక్క కాన్ఫిగ్’, డేటాకు ‘చుక్క లోకల్’లోని ‘షేర్’, క్యాషేకు ‘చుక్క క్యాష్’ అను అరలను నిర్ణయించిరి. చిట్టాలు, ఇటీవల తెరచిన ఫైళ్ళ పేర్లు మొదలగువానికి ‘చుక్క లోకల్’లోని ‘స్టేట్’ అను అర 2021లో చేరినది. నడుచుచున్నప్పటి గుర్తులకు వేరొక చోటు కలదు. అది ఆ వాడుకరికి తప్ప ఇతరులకు తెరువబడదు, వాడుకరి వెడలిపోగానే తుడిచివేయబడును.

ఈ ప్రమాణమునందు అరల పేర్లకంటె ముఖ్యమైనది ఒకటున్నది. ప్రోగ్రాము ఈ అరలకు సూటిగా పోరాదు. యజమాని వేరొక చోటు చెప్పియుండెనేమో మొదట అడుగవలెను. అందులకు పేరుగల సూచికలు ఏర్పడియున్నవి. యజమాని చెప్పియున్నచో ఆ చోటనే పెట్టవలెను. చెప్పనిచో మాత్రమే పై అరలలో పెట్టవలెను. ఇంటికి వచ్చిన అతిథి చెప్పు లెచ్చట విడువవలెనో ఇంటివారిని అడుగుట మర్యాద. తానే నిర్ణయించుకొని దేవుని గదిలో విడుచుట మర్యాద కాదు.

పాత ప్రోగ్రాములు మారుట తేలిక కాదు. వాడుకరుల ఫైళ్ళు పాత చోటనే యుండును గదా. గిట్ అను ప్రోగ్రాము 2012లో కొత్త చోటును అంగీకరించినది గాని, పాతచోటును చూచుట మానలేదు. చిత్రములు దిద్దు గింప్ 2018 నాటి 2.10 కూర్పునందు తన సెట్టింగులను ‘చుక్క కాన్ఫిగ్’కు మార్చినది. దూరపు యంత్రములతో మాటాడుటకు వాడు ఎస్ఎస్‌హెచ్ తన తాళపుచెవులను నేటికిని పాత ‘చుక్క ఎస్ఎస్‌హెచ్’ అరలోనే ఉంచును. ఇతర ప్రోగ్రాములు అనేకము ఆ చోటనే వెదకుట దానికి అడ్డు. మొదటినాడు చోటు సరిగా ఎన్నుకొనుట ఎందులకు అవసరమో దీనివలన తెలియును. ఇల్లు కట్టిన తరువాత బావిని జరుపుట కష్టము.

పోతన యొక్క చోటు

ఓరుగల్లు సీమవారు బమ్మెర పోతనను తమవానిగా చెప్పుకొందురు. ఆ మహాకవి పేరిట ‘పోతన 2000’ అను తెలుగు ఫాంటును తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిరి. దానిని ‘వేమన 2000’తో కలిపి డెబియన్ వారు ఒక మూటగా పంచుచున్నారు. ఈ ఒక్క ఫాంటును పెట్టుటకు గల చోట్లను చూచినచో పైన చెప్పినదంతయు స్పష్టమగును.

డెబియన్ వారి మూటనుండి స్థాపించినచో పోతన ‘యూఎస్ఆర్ షేర్’లోని ‘ఫాంట్స్’ అరకు పోవును. ఆ యంత్రము వాడు అందరికిని కనబడును. యంత్రపాలకుడు వేరొక చోటనుండి తెచ్చి అందరికొరకు పెట్టదలచినచో ‘యూఎస్ఆర్ లోకల్ షేర్’లోని ‘ఫాంట్స్’ తగును. ఒక విద్యార్థి తనకొక్కనికే కావలెనన్నచో, తన ఇంటిలోని ‘చుక్క లోకల్ షేర్’లో ‘ఫాంట్స్’ అను అర చేసి పెట్టుకొనవచ్చును. అందులకు యంత్రపాలకుని అనుమతి అక్కరలేదు. పూర్వము ఇంటి నడుమనే ‘చుక్క ఫాంట్స్’ అను అర ఉండెడిది. నేడు ఆ పద్ధతి తగదని చెప్పబడుచున్నది. ఫాంట్లను త్వరగా కనుగొనుటకు యంత్రము తయారుచేసికొను పట్టిక ‘చుక్క క్యాష్’లో ఉండును. దానిని తుడిచినను భయము లేదు, మరల పుట్టును.

అందరికొరకు తెచ్చిన ఫాంటును యంత్రపాలకుడు పొరబాటున మొదటి చోట తన చేతితో పెట్టెననుకొందము. ఆనాటికి పని జరుగును. కాని మూటల లెక్క చూచు ప్రోగ్రామునకు ఆ ఫైలు సంగతి తెలియదు. యంత్రమును మరల స్థాపించినపుడు అది పోవును. పోయినదని కూడ ఎవరికిని తెలియదు. పిల్లలు వ్రాసిన తెలుగు పత్రిక మరునాడు వేరొక అక్షరములతో, పంక్తులు జరిగిపోయి కనబడును, కారణము దొరకదు.

గ్రంథాలయ పట్టిక ఎచ్చటనున్నది?

ఇది గ్రంథాలయ సభ గావున గ్రంథాలయపు ఉదాహరణముతో ముగించుట తగును. గ్రంథాలయములు నడుపుటకు ‘కోహా’ అను ప్రోగ్రాము కలదు. న్యూజిలాండు దేశములో హోరోఫెనువా ప్రాంతపు గ్రంథాలయముల కొరకు 1999లో దానిని వ్రాసిరి. 2000 జనవరిలో అది వాడుకకు వచ్చెను. మావోరీ భాషలో ఆ మాటకు కానుక యని అర్థము. పేరునకు తగినట్లు దానిని అందరికి స్వేచ్ఛగా విడిచిపెట్టిరి. భారతదేశమునందును అనేక గ్రంథాలయములు దానిని వాడుచున్నవి.

డెబియన్ లినక్సునందు కోహాను మూటనుండి స్థాపించినచో, ప్రోగ్రాము ‘యూఎస్ఆర్ షేర్’లో ఉండును. ఆ గ్రంథాలయపు సెట్టింగులు ‘ఈటీసీ’లోని ‘కోహా’ అరయందుండును. చిట్టాలు ‘వార్ లాగ్’లో ఉండును. వెదకుటకు తయారుచేసిన సూచీలు ‘వార్ లిబ్’లోని ‘కోహా’ అరలో ఉండును. పుస్తకముల పట్టిక, చందాదారుల పేర్లు, ఇచ్చిపుచ్చుకొన్న లెక్కలు మాత్రము డేటాబేసులో, సామాన్యముగా ‘వార్ లిబ్’లోని ‘మైఎస్‌క్యూఎల్’ అను అరలో ఉండును.

ఇందులో ఏది పోయినచో ఏడ్వవలెను? ప్రోగ్రాము పోయినచో మరల తెచ్చుకొనవచ్చును. సూచీలు పోయినచో పట్టికనుండి మరల తయారగును. చిట్టాలు పోయినచో కొంత ఇబ్బందియే. సెట్టింగులు పోయినచో కొన్ని దినముల శ్రమ. పట్టిక, చందాదారుల లెక్కలు పోయినచో ఇరువదియైదేండ్ల పని పోయినట్లు. అరలు వేరుగా నున్నందుననే ఈ జవాబు ఇంత సులభముగా చెప్పగలుగుచున్నాము.

అయితే నడుచుచున్న డేటాబేసు ఫైళ్ళను ఉన్నవున్నట్లు నకలు తీయుట క్షేమము కాదు. ఒకదానితో ఒకటి పొందని ముక్కలు రావచ్చును. అందులకే ‘కోహా డంప్’ అను ఆజ్ఞ కలదు. అది డేటాకు ఒకటి, సెట్టింగులకు ఒకటి, రెండు ఫైళ్ళు తయారుచేసి ‘వార్ స్పూల్’లోని ‘కోహా’ అరలో ఉంచును. వడ్లు, ఇంటి పద్ధతి వానిలో నుండును.  ఆ రెండు ఫైళ్ళున్నచో మరియొక యంత్రముపై గ్రంథాలయమును మరల నిలుపవచ్చును. కాని అవి అదే డిస్కుపై నున్నంతవరకు గుమ్మిని కాపాడుటకు గుమ్మిలోనే తాళపుచెవి పెట్టినట్లు. వానిని వేరొక డిస్కుపైకి నకలు తీసి, వేరొక భవనమున ఉంచవలెను. ఏడాదికొకసారియైనను వేరొక యంత్రముపై వానిని తెరచి, పట్టిక వచ్చునో రాదో పరీక్షింపవలెను.

కర్తవ్యము

వరంగల్లులో 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా వెలసి, 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థయైన విద్యాలయము కలదు. ఈ జిల్లా గ్రామములనుండి వెడలిన బిడ్డలు అనేకులు నేడు ప్రోగ్రాములు వ్రాయు వృత్తిలో నున్నారు. వారికి ఈ సభాముఖమున చెప్పదగినది ఇది: ఫైలు వ్రాయుటకు ముందు అది వడ్లా, బియ్యమా, ఇంటి పద్ధతియా, నిప్పా అని విచారింపవలెను. యజమాని చోటు చెప్పియుండెనేమో అడుగవలెను. రహస్యములను ఇతరులు చదువలేని అరలో ఉంచవలెను. ఎచ్చట ఏది పెట్టుచున్నారో ఒక పుటలో వ్రాసియుంచవలెను. చోటు మార్చవలసివచ్చినచో పాతదానిని కొంతకాలము చూచుచుండవలెను.

వాడువారికి చెప్పదగినది ఇంకను తక్కువ. గ్రంథాలయ కార్యదర్శి తన యంత్రమునందు ఏ అరలో పట్టికయున్నదో ఒక కాగితముపై వ్రాసి, సభ్యత్వ రిజిస్టరు మొదటి పుటకు అంటించవలెను. కార్యదర్శులు మారుదురు; యంత్రములు మారును; కాగితము నిలుచును. ఇంటింట ఫోనున్న చందాదారులు రెండు మీటల భేదమును పిల్లలకు చెప్పవలెను.

మరల ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము వచ్చును. నేటి యంత్రమేదియు అప్పటికి పనిచేయుచుండదు. నేటి ప్రోగ్రాములలో కొన్నియే మిగులును. కాని ఈ గ్రామము ఏ పుస్తకములు చదివినదో, ఎవరు చదివిరో తెలుపు పట్టిక ఆనాటి వారి చేతికి అందవలెను. అది అందునట్లు ఈనాడే చోటు నిర్ణయించి యుంచుదురుగాక యని ప్రార్థన. గ్రంథాలయ సభ్యులకు, కార్యకర్తలకు రజతోత్సవ శుభాకాంక్షలు.